ప్రమాణం పళ్ళెంలో గల్లుప్పు

సుబేదార్ మామ పోయాడన్న కబురు అందేసరికి నేను పుదుచ్చేరి మేట్టుపాళయంలో ఒక ఫ్యాక్టరీ గేటు ముందు స్టూలెక్కి మైకులో అరుస్తున్నాను. ఫోను మూడుసార్లు మోగి ఆగింది. నాలుగోసారి ఎత్తాను. ఆయన కోడలు.

"అక్కా, మామ పోయినాడు. పొద్దన టీ తాగి కుర్చీలో కూర్చున్నాడు. గ్లాసు తీద్దామని పోతే... అంతే." కాసేపు ఏడ్చింది. తర్వాత, "ఉప్పు సంచీ వాకిట్లోనే ఉండాది అక్కా. దాన్నేం చేసేది?" అంది.

చావు కబురులో ఉప్పు సంచీ ఏమిటని మీకు అనిపిస్తుంది. ఆ సంచీ గురించి చెప్పకుండా ఆ మనిషి గురించి చెప్పలేను. అందుకే ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. నేను సైన్యాన్ని పొగిడే రకం కాదు. యుద్ధాల మీదా, ఆయుధాల బేరాల మీదా, టీవీ స్టూడియోలో మొహానికి రంగు పూసుకుని కూర్చున్న చోటి నుంచే పక్క దేశాన్ని తగలబెట్టేసే వీరుల మీదా రాసి రాసి తిట్లు తిన్నదాన్ని. అలాంటిది ఒక పాత పల్టన్ ఆచారం గురించి ఇంత ఉత్సాహంగా రాస్తుంటే "ఈవిడ కూడా అటు జారిందే" అనేవాళ్ళు ఉంటారు. అనుకోండి. నేను ఎటూ జారలేదు. సారం అనే మా పేటలో మా ఇంటికి ఎదురింట్లో ఉన్న ఒక మనిషితో పదిహేనేళ్ళు వాదించాను. ఆ వాదన ఇప్పుడు సగంలో ఆగింది. నా దుఃఖమంతా అదే.

ఆయన పనిచేసిన పల్టన్ పేరు రాయను. కంపెనీ దొరల కాలంలో పుట్టి, జెండాలు మారినా దొరలు మారినా చెదరకుండా వచ్చిన పాత పల్టన్లలో ఒకటి, అంత చాలు. ఆయన అందులో సిపాయిగా చేరి సుబేదార్‌గా దిగాడు. దిగి ఎన్నేళ్ళయినా ఆ పల్టన్ ఆయనలోంచి దిగలేదు. కుటుంబంతో బజారుకు బయల్దేరితే వీధి చివర ఆపి తలకాయలు లెక్కపెట్టేవాడు. తిరిగొచ్చాక మళ్ళీ లెక్క. పెళ్ళి పందిట్లో ఒకసారి మనవరాలు లెక్కకు తగ్గిందని తాళి కట్టే టైముకు లేచి నిలబడి కేకేశాడు. పిల్ల బల్ల కింద లడ్డు తింటోంది. "పరేడ్ ఎవరి కోసరమూ ఆగదు" అన్నది ఆయన ఊతపదం. కరెంటు పోయినా అదే, వాన కురిసినా అదే, కోడలికి బస్సు తప్పినా అదే. భార్య పోయిన మర్నాడు పొద్దున కూడా గడ్డం గీసుకుని, రోజూ తనే వేసే ముగ్గు కోసం పిండి డబ్బా తీసుకుని వాకిట్లోకి వచ్చాడు. నేను కళ్ళు పెద్దవి చేసి చూస్తే, "పరేడ్ ఆగదమ్మా" అన్నాడు.

మా వాదన మొదలైన తీరు చెప్పాలి. ఆయనకు తెలుగు మాట్లాడటమే వచ్చు, అక్షరాలు రావు. మా వీధిలో సగం మందికి అంతే. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, ఆయనకైతే పల్టన్లో హిందీ. నేను ఒక పత్రికలో ఆయన పల్టన్ మీద నిప్పులు కక్కుతూ రాశానని ఎవరో చెప్పారు. ఆదివారం పొద్దున మా గేటు తీసుకుని వచ్చేశాడు.

"నన్ను తిట్టినావంట కదా. చదువు, విందాం."

రాసినప్పుడు ఉన్న ధైర్యం చదివేటప్పుడు ఉండదు. తిట్టు తిన్న మనిషి ఎదురుగా నిలబడి వింటుంటే ఎవరికైనా నాలుక మొద్దుబారుతుంది. ఆయన కూర్చోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, విశ్రాంతి భంగిమలో నిలబడ్డాడు. నేను చదివాను. ఈ పల్టన్ తాతలు కంపెనీ ఫిరంగులు లాగుకొచ్చి మన పుదుచ్చేరి గోడల్ని కూల్చారనీ, దాన్ని ఇప్పటికీ కీర్తిగా చెప్పుకుంటారనీ, సొంత ఊరిని కూల్చిన పల్టన్లో చేరిన మనవాళ్ళకు సిగ్గు లేదనీ నా వ్యాసం.

"తప్పు" అన్నాడు.

"ఏది తప్పు మామా? కూల్చలేదా?"

"కూల్చినారు. నువ్వు ఒకే తూరి అని రాసినావు. ఒక తూరితో యాడ పోయినారు? మళ్ళీ మళ్ళీ వచ్చినారు. తిట్టేది సరిగ్గా తిట్టు."

నేను నోరు తెరిచాను. ఆయన ఆగలేదు. "ఇంగొకటి. గోడ మీద నిలబడి లోపల్నించి కాల్చింది ఎవరు? ఫ్రెంచోడొక్కడేనా? వాడి కింద సిపాయి మనోడే. బయట తుపాకి పట్టినోడూ మనోడే. గుండు తగిలినాక ఇద్దరూ 'అమ్మా' అనే కదా అరిచింటారు. అది రాయి తోళరూ. అది రాసే దమ్ముందా?"

తోళర్ అంటే మా ఊళ్ళో తమిళం మాట, కామ్రేడ్ అని. ఆయన నోట్లో అది సగం వెక్కిరింత, సగం ముద్దు. ఆ రోజు నుంచి నా పేరే అదైపోయింది. ప్రతి ఆదివారం నేను చదవాలి, ఆయన నిలబడి వినాలి. ఒప్పుకోని వాక్యం వస్తే "ఆపు" అనేవాడు. ఒప్పుకుంటే కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. ఆయన్ని కూర్చోబెట్టడమే నా జీవిత లక్ష్యం అన్నట్టు రాశాను కొన్నేళ్ళు. చాలా వ్యాసాలకు చివరి వరకూ నిలబడే ఉన్నాడు.

ఆ వాదనల్లో నేనెంత నేర్చుకున్నానో! పూర్వం ఉత్తరాదిన సిపాయిని 'తిలంగా' అనేవారట, మొదటి సిపాయిల్లో అంతమంది తెలుగువాళ్ళు. తర్వాత అదే దొరలు, తెలుగువాడు యుద్ధానికి పనికిరాడు, వీర జాతులు వేరే ఉన్నాయి అని తేల్చేశారట. "మా పేరు పెట్టుకొని, మమ్మల్నే తీసేసినారు" అని మామ పగలబడి నవ్వేవాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. వీర జాతి, పిరికి జాతి అని మనుషుల్ని పశువుల సంతలోలా ఏరిన ఆ బుద్ధి పోయిందా? పెళ్ళి సంబంధాల పేజీ తిరగేసి చూడండి! ఇంకో ఆదివారం ఆయనే ఎత్తాడు: "వేలూరు కోటలో టోపీ మార్చమంటే తిరగబడింది ఎవరనుకుంటా ఉండావు? ఆ కాలం మద్రాసు సిపాయిలే. అదీ మా సంప్రదాయమే. గోడ మీద బొమ్మ మాత్రం పెట్టరు." ఆ మాట నాకు తోచనందుకు వారం రోజులు ఉడుక్కున్నాను.

నేను మాత్రం ఊరుకుంటానా? పల్టన్ పుట్టినరోజున బడాఖానా అని పెద్ద విందు జరుగుతుందనీ, ఆ రోజు ఆఫీసర్లే గరిటె పట్టుకుని జవాన్లకు వడ్డిస్తారనీ మురిసిపోతూ చెప్పాడు. "ఏడాదికి ఒక్కరోజు వడ్డించి మిగతా రోజులన్నీ చేయించుకుంటారు. మంచి నాటకం" అన్నాను.

"నాటకమే. సరే. నీ ఫ్యాక్టరీ ముదలాళిని, ఆ యజమానిని, ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు, గరిటె పట్టమను చూద్దాం. నాటకానికైనా పడతాడా?"

మర్నాడు గేటు మీటింగులో ఆ మాట వాడుకున్నాను. చప్పట్లు మోగిపోయాయి. ఎవరి మాటో చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఇక ఉప్పు.

శిక్షణ ముగిసిన కొత్త సిపాయి ఆ పల్టన్లో ప్రమాణం చేసేటప్పుడు జెండా ముందుకు వస్తాడు. ఒక పక్క అన్ని మతాల గ్రంథాలూ ఉంటాయి. సుబేదార్ వెండి పళ్ళెం పట్టుకుని నిలబడతాడు. పళ్ళెంలో ఉప్పు. సిపాయి చిటికెడు తీసుకుని నోట్లో వేసుకుంటే ఆ పల్టన్ ఉప్పు తిన్నట్టు. ఇక ప్రాణం దానిదే. నాకు ఇది విన్నప్పుడు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. చిటికెడు ఉప్పుకు నిండు ప్రాణమా? పేదవాడికి విశ్వాసం నేర్పడానికి దొరలు కనిపెట్టిన ఉపాయం ఇది, ఉప్పు పెట్టేవాడు ఎప్పుడూ పైవాడే, తినేవాడు ఎప్పుడూ కిందివాడే, అని ఒక వ్యాసం రాసి పారేశాను. 'ఎవరి ఉప్పు?' అని శీర్షిక. ఆదివారం చదివాను. ఆయన నిలబడి విన్నాడు. "ఆపు" అనలేదు. కూర్చోనూ లేదు. చదవడం అయ్యాక అడిగాడు.

"ఎవరి ఉప్పు అని అడిగినావు కదా. చెప్పేదా?"

చెప్పాడు. అప్పట్లో పళ్ళెంలోకి ఉప్పు ఆఫీసర్ల మెస్ నుంచి వచ్చేది, మెత్తటి తెల్లటి పొడుప్పు. అది కంపెనీ నాటి అలవాటు. నేను రాసింది అక్షరాలా నిజమని ఆయనే ఒప్పుకున్నాడు. ఒక ఏడు ప్రమాణం పళ్ళెం బాధ్యత ఆయనది. ముందు రోజు పెద్ద వాన. మెస్ అలమరలో ఉప్పంతా చెమ్మగిల్లి జావ అయిపోయింది. పొద్దున పరేడ్ టైముకు గానీ చూసుకోలేదు. పరేడ్ ఎవరి కోసరమూ ఆగదాయె! పరిగెత్తుకుని బారక్‌కు పోయి తన పెట్టె తెరిచాడు. అందులో వాళ్ళమ్మ పాత చీర ముక్కలో కట్టిచ్చిన గల్లుప్పు ఉంది.

వాళ్ళమ్మ పుదుచ్చేరికి ఉత్తరాన కాలాపేట దగ్గర ఒక గుడిసెలో ఉంటూ, ఇంకా ఉత్తరాన మరక్కాణం ఉప్పు మళ్ళకు కూలికి పోయేది. మడిలో నీళ్ళు ఇంకాక తేలిన ఉప్పును పారతో దగ్గరకు లాగి, తట్టకెత్తి గట్టు మీదికి మోయడం ఆమె పని. అరికాళ్ళు పగిలి, ఆ పగుళ్ళలో ఉప్పు దిగి మంట. కొడుకు సెలవుకు వచ్చి పోయేటప్పుడల్లా అదే ఉప్పు కొంత మూటగట్టేది. "మెస్సులో పెడతారే అమ్మా" అంటే, "అది యాడి ఉప్పో నాకేం తెల్సు" అనేదట.

ఆ మూట విప్పి వెండి పళ్ళెంలో పోశాడు. కొత్త సిపాయిలు వరసగా నిలబడి చిటికెడు చిటికెడు తీసుకుని చేతిలో పట్టుకున్నారు. ఆజ్ఞ కాగానే అందరూ ఒకేసారి నోట్లో వేసుకోవాలి. పొడుప్పు అయితే కరిగిపోతుంది. ఇది గల్లుప్పు. కుర్రాళ్ళు కొరికారు.

"సూది కింద పడితే వినపడే మైదానం తోళరూ! అంతమంది ఒకేసారి కరకరమని కొరికినారు. కొలువు ఊడింది అనుకొన్నా."

పరేడ్ అయ్యాక కర్నల్ పిలిచాడట. ఏమిటా సద్దు అన్నాడు. ఉప్పు సాబ్ అన్నాడు ఈయన. ఎవరి ఉప్పు అన్నాడు కర్నల్. "చూసినావా, ఆయనా నీ మాదిరే అడిగినాడు. మా అమ్మది సాబ్ అన్నా." కర్నల్ పళ్ళెంలో మిగిలిన రాయి ఒకటి తీసుకుని నోట్లో వేసుకుని తనూ కొరికాడు. వచ్చే ఏడు కూడా ఇదే తెప్పించు అన్నాడు. అంతే. ఆ ఏటి నుంచి ఆ పళ్ళెంలో మరక్కాణం ఉప్పే. అమ్మ పోయినా, ఆయన రిటైరై సారం చేరినా, ఏటా గుడ్డ సంచీలో ఇక్కణ్ణుంచే పోయింది. కొత్తవాళ్ళకు ఆ సద్దే ఆచారం. పల్టన్ పుట్టినప్పటి నుంచీ ఉందనుకుంటారట!

ఇది విని నేను ఎగిరి గంతేశాను. చూశారా? అనాదిగా వస్తున్నది, తాకితే పాపం అని మనల్ని భయపెట్టే ఆచారాలన్నీ ఇలాగే పుట్టాయి. ఒక వాన, ఒక తడిసిన అలమర, ఒక కంగారుపడ్డ మనిషి. చేతులతో చేసినదాన్ని చేతులతో మార్చవచ్చు. నేను జీవితమంతా మైకులో చెబుతున్నది ఇదే, దానికి సాక్ష్యం ఎదురింట్లో ముగ్గు వేసుకుంటూ కూర్చుంది. ఆ వ్యాసం చించేశాను. నా చరిత్రలో నేను చించిన వ్యాసం అదొక్కటే.

పోయిన ఏడు శిక్షణా కేంద్రం నుంచి ఆయనకు ఒక ఉత్తరం వచ్చింది. మర్యాదగానే ఉంది. ఇకపై ప్రమాణానికి దుకాణంలో దొరికే ప్యాకెట్ ఉప్పు వాడదలిచాం, ఇన్నేళ్ళు పంపినందుకు కృతజ్ఞతలు. ఆ కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని నాలుగు రోజులు తిరిగాడు. ఆ నాలుగు రోజులూ తలకాయలు లెక్కపెట్టలేదు. ఐదో రోజు మా ఇంటికి వచ్చాడు.

"నేను నేడో రేపో. పోయేది పోతా. మా అమ్మ మోసిన ఉప్పు ఆ పళ్ళెంలోంచి పోకూడదు. నాకు ఇంగ్లీషులో జవాబు రాసే తెలివి లేదు. నువ్వు రాయి."

"నేనా? సైన్యానికి ఉత్తరమా? నా పరువేం కాను మామా?"

"నీ పరువు పదిహేనేండ్లుగా నిలబడి వింటా ఉండా కదా. ఇంగ కొంచెం సేపు నిలబడతాలే."

నేను ఆలోచించాను. "రాస్తాను. కానీ మోసింది మీ అమ్మ ఒక్కతేనా? ఇప్పుడు మోస్తున్నవాళ్ళ మాటేంటి? వాళ్ళను ఆ మైదానంలో ముందు వరసలో కూర్చోబెట్టాలని కూడా రాస్తాను."

"ముందు వరసా? పెద్దాఫీసర్ల పెండ్లాలు కూర్చునే చోటా?"

"ఆ చోటే."

దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "పల్టన్‌తోనే బేరమా తోళరూ!"

"బేరం కాదు మామా. డిమాండ్."

ఆ రాత కోసం మూడు రోజులు తీసుకున్నాను. పొగడలేదు, ప్రాధేయపడలేదు. ఆదివారం తెలుగులో చదివి వినిపించాను. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. చివరి మాటలు ఇవి: "ఉప్పు పెట్టి ఒక మనిషి ప్రాణం అడగవచ్చునని మీరు నమ్ముతారు. నేను నమ్మను. కానీ అడగదలిస్తే, ఆ ఉప్పు ఏ చేతుల్లోంచి వచ్చిందో ఆ చేతుల్ని చూపించి అడగండి. ప్యాకెట్‌కు చేతులు లేవు."

కుర్చీ కాళ్ళు నేల మీద రాసుకున్న చప్పుడైంది. తల ఎత్తాను. మామ కూర్చున్నాడు.

నెల తర్వాత ఒక సాయంత్రం వీధి అదిరిపోయేలా కేక: "తోళరూ! గెలిచినాం!" క్రికెట్ అనుకుని ఇద్దరు ముగ్గురు బయటికి వచ్చారు. శిక్షణా కేంద్రం నుంచి ఫోను. ఉప్పు పంపండి, మనుషుల్నీ పంపండి, ఈసారి కొత్త సిపాయిల జట్టు పెద్దది, రెండు కిలోలు ఎక్కువ పంపండి. మామ వీధిలో నిలబడి నాకు సెల్యూట్ చేశాడు. నేను పిడికిలి ఎత్తాను. కోడలు ఇద్దరినీ చూసి, "పిచ్చి ముదిరింది" అని లోపలికి పోయింది.

తనే బస్సెక్కి మరక్కాణం పోయి, సంచీ ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. చెమ్మ తగలకుండా వాకిట్లో ఎండ పడే చోట పీట వేసి దాని మీద పెట్టాడు. వారం తిరక్కముందే పోయాడు.

చావింటికి జెండాలు కట్టిన మోటారు సైకిళ్ళ మీద కొందరు వచ్చారు. బతికుండగా ఒక్కరూ ఆయన గుమ్మం తొక్కలేదు. ఫోటో కోసం సర్దుకుంటూ ఒకతను బూటుకాలు పీట మీద పెట్టాడు. నేను నోరు తెరిచేలోపే కోడలు ఏడుపు ఆపి, "అన్నా, కాలు తీయి. అది పల్టన్‌ది" అంది. తీశాడు. ఆ ఒక్క మాట ముందు నా వ్యాసాలన్నీ దండగ.

సంచీ శిక్షణా కేంద్రానికి నేనే తీసుకెళ్ళాను. రైల్లో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాతో పాటు మరక్కాణం మళ్ళ నుంచి ఒక పెద్దామె వచ్చింది. చిన్నప్పుడు మామ వాళ్ళమ్మ వెనకాలే తట్ట మోసిన మనిషి. ముందు వరసలో కుర్చీ వేశారు. ఆమె పగిలిన పాదాలు ఎక్కడ పెట్టాలో తెలియక చీర కుచ్చిళ్ళ కింద దాచుకుంది. నేను సైనిక బ్యాండు మోగుతుంటే బిగుసుకుని కూర్చున్నాను. జెండా వచ్చినప్పుడు లేవాలా వద్దా అని నాలో నేను వాదించుకుంటూ ఉండగానే ఆమె లేచింది, నేనూ లేచాను. పళ్ళెం వరసల వెంట నడిచింది. ఆజ్ఞ అయింది.

కరకర.

నేను చాలా సభలు చూశాను, చాలా నినాదాలు విన్నాను. ఆ సద్దు వేరు. పెద్దామె నా చెయ్యి పట్టుకుని తమిళంలో, "మన ఉప్పేనా ఇట్లా అరిచేది?" అంది.

ఇక సిపాయిల వరసలు కదిలిపోవాలి. ఆజ్ఞ ఇచ్చే సుబేదార్ గుండె నిండా ఊపిరి పీల్చాడు. అప్పుడు పెద్దామె చూసింది. కుర్రాళ్ళ వేళ్ళ సందుల్లోంచి జారి, బూట్ల ముందు నేల మీద అక్కడక్కడ ఉప్పు రాళ్ళు పడి ఉన్నాయి. "అయ్యయ్యో, తొక్కుతారే! ఉండండయ్యా!" అంటూ కుర్చీ వదిలి, ఎవరూ ఆపేలోపే మైదానంలోకి నడిచింది. మొదటి వరస ముందు వంగింది. మడిలో పారతో లాగినట్టే, అరచేతి అంచుతో ఒక్కో రాయినీ దగ్గరకు లాగి కొంగులోకి ఎత్తుకుంటోంది. సుబేదార్ కర్నల్ వైపు చూశాడు. కర్నల్ చెయ్యి కొంచెం ఎత్తి, అలాగే ఉంచాడు.

బ్యాండు ఆగింది. జెండా ఆగింది. మెరిసే బూట్ల వరస ముందు పగిలిన అరికాళ్ళు ఒక్కో అడుగే జరుగుతున్నాయి. ఆమె తొందరపడలేదు. చివరి సిపాయి ముందు చివరి రాయి ఎత్తుకుని, నడుము మీద చెయ్యి వేసుకుని నిటారుగా లేచేదాకా, ఆ పాత పల్టన్ మొత్తం ఊపిరి బిగబట్టి నిలబడే ఉంది.